పెట్టుబడి వీసా లేటైతే పిల్లల వయసు సంగతేంటి?

ఈ ఎపిసోడ్ మా ఇంటి నుంచే మొదలుపెడతాను. మా పెదనాన్నగారిది కైకలూరు పక్కన, చేపల చెరువులు. తాడేపల్లిగూడెం దగ్గరున్న పొలం అమ్మి అమెరికా ఈబీ-5 పెట్టుబడి వీసాకి పెట్టారు. అప్పటికి మా చెల్లికి 19 ఏళ్ళు. ఇప్పుడు ఏలూరు వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట: "ఏరా, పిల్లకి 21 దాటిపోతే ఎలారా?"

ముందు బేసిక్స్ చూద్దాం. 2022 మార్చిలో మారిన చట్టం ప్రకారం గ్రామీణ ప్రాంతంలో, లేదా నిరుద్యోగం ఎక్కువున్న చోట అయితే 8 లక్షల డాలర్లు పెట్టాలి. మామూలుగా అయితే 10 లక్షల 50 వేలు. ఆ డబ్బుతో 10 ఉద్యోగాలు రావాలి. భార్య లేదా భర్త, 21 ఏళ్ళలోపు పెళ్ళికాని పిల్లలు కూడా గ్రీన్ కార్డుకి వస్తారు. కానీ ఏడాదికి ప్రపంచం మొత్తానికి ఉన్నవి సుమారు 10 వేల వీసాలే. నలుగురున్న ఇంటికి నాలుగు వీసాలు ఖర్చవుతాయి.

ఇప్పుడు అసలు పాయింట్. లేటు అని మనం ఒకే మాట అంటాం గానీ, అక్కడ క్యూలు రెండు.

మొదటిది పిటిషన్ క్యూ. మీ ఐ-526ఈ ఫైలు చూసి అవునో కాదో తేల్చేది. రెండోది వీసా నంబర్ క్యూ. పిటిషన్ ఓకే అయినా మీ తేదీ వీసా బులెటిన్‌లో వచ్చేదాకా ఆగాలి. సాధారణ కోటాలో ఇండియా వాళ్ళకి ఈ క్యూ ఉంది.

2002లో వచ్చిన ఒక చట్టం ప్రకారం, పిటిషన్ ఎన్ని రోజులు పెండింగ్‌లో ఉందో అన్ని రోజులు పిల్లల వయసులోంచి తీసేస్తారు. అంటే మొదటి క్యూలో వయసు ఆగుతుంది, రెండో క్యూలో నడుస్తుంది.

లెక్క చూడండి. 19 ఏళ్ళప్పుడు ఫైల్ చేశారు, పిటిషన్‌కి రెండేళ్ళు పట్టింది. వెంటనే వీసా నంబర్ దొరికితే 21లోంచి 2 తీసేసి 19 కిందే లెక్క. సేఫ్. అదే రెండో క్యూలో ఇంకో రెండున్నరేళ్ళు ఆగాల్సి వస్తే? ఇరవై మూడున్నరలోంచి 2 పోతే ఇరవై ఒకటిన్నర. పిల్ల బయటికి.

అందుకే "లేటవుతోంది, కోర్టులో మాండమస్ వేద్దాం" అనేముందు ఆగండి. కోర్టు తేల్చమని చెప్పగలదు గానీ, ఇచ్చేయమని చెప్పదు. పైగా మీ కోటాలో రెండో క్యూ ఉంటే, పిటిషన్ త్వరగా తేలినకొద్దీ తీసేసే రోజులు తగ్గిపోతాయి. వీసా నంబర్ అందుబాటులోకి వచ్చాక ఏడాదిలోపు తర్వాతి స్టెప్ వేయాలి. అది మర్చిపోకండి.

ఇక మన వైపు నుంచి జరిగే లేటు. సొమ్ము న్యాయంగా వచ్చిందని కాగితాలతో చూపించాలి. పొలం కోటికి అమ్మి దస్తావేజులో నలభై లక్షలు రాయించుకుంటే, మిగతా అరవైకి ఆధారం లేదు. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, ఐదో కాంటూరు లోపలి చెరువులు 2006లో కొట్టేశారు. ఆ లోపలి చెరువు ఆదాయం చూపిస్తే ప్రశ్నలు వస్తాయి. డబ్బు పంపడానికీ పరిమితి ఉంది. ఆర్బీఐ రూల్ ప్రకారం ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్లే పంపగలడు. కాబట్టి 8 లక్షలు ఒకే ఏడాదిలో వెళ్ళాలంటే ఇంట్లో నలుగురు పంపాలి. పాస్‌పోర్టులో, టెన్త్ సర్టిఫికెట్‌లో, పట్టాదారు పుస్తకంలో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.

మా పెదనాన్నగారు పెట్టింది గ్రామీణ కోటా. దానికి 20 శాతం వీసాలు విడిగా ఉన్నాయి. పిటిషన్ ఇంకా మొదటి క్యూలోనే ఉంది, అంటే చెల్లి వయసు ప్రస్తుతానికి ఆగే ఉంది. ఇది చెప్పాక ఆయన కాస్త కుదుటపడ్డారు. కానీ పెద్దమ్మ అప్పటికే భీమవరం సంబంధం ఒకటి మాట్లాడుతోంది! గ్రీన్ కార్డు రాకముందే పెళ్ళైతే, వయసు 20 అయినా తల్లిదండ్రుల ఫైలులో చెల్లికి చోటుండదు. ఆ మాట చెప్పడానికి వచ్చే ఆదివారం కైకలూరు వెళ్తున్నా.