తొలి గంట

పొద్దున పదింటికి మీ నాన్నగారి ఫోను మోగిందనుకోండి. ఆయన రిటైరై ఆరేళ్లయింది. అమ్మ గుడికి వెళ్లింది. అవతలి మనిషి కొరియర్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానంటాడు. మీ ఆధార్ నంబరు మీద విదేశానికి వెళ్తున్న పార్సిల్‌లో మత్తుమందు దొరికింది, పోలీసులకు కలుపుతున్నాను, లైనులో ఉండండి అంటాడు. కాసేపటికి వాట్సాప్‌లో వీడియో కాల్ వస్తుంది. తెర మీద ఖాకీ చొక్కా, వెనక గోడకు మూడు సింహాల ముద్ర, ఎక్కడో వైర్‌లెస్ సెట్టు గరగర. నాన్నగారి ఆధార్ నంబరు, ఇంటి చిరునామా తప్పుల్లేకుండా చదివి వినిపిస్తారు. ‘మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు. కెమెరా ముందు నుంచి కదలొద్దు. ఇంట్లో ఎవరికైనా చెప్పారంటే వాళ్లనూ కేసులో పెట్టాల్సి వస్తుంది.’

సాయంత్రానికల్లా ఆయన ఎఫ్‌డీలు రద్దు చేసి, దర్యాప్తు పూర్తవగానే తిరిగి వస్తుందన్న మాట నమ్మి, జీవితకాలం కూడబెట్టిన డబ్బంతా పరాయి ఖాతాకు పంపేసి ఉంటారు. కొందరినైతే రోజుల తరబడి కెమెరా ముందే కూర్చోబెట్టారు.

ఇలాంటి వార్త చదివినప్పుడు మన నోట ముందుగా వచ్చే మాట, ‘అంత చదువుకుని ఎలా నమ్మారండీ?’ ఆ ప్రశ్న బాధితుడిని రెండోసారి కొట్టడమే. అయినా దానికి జవాబుంది, అది చదువులో లేదు. డాక్టర్లు, ఇంజినీర్లు, పెద్ద హోదాల్లో పనిచేసి రిటైరైనవాళ్లు ఈ ఉచ్చులో పడ్డారు. ఎందుకు పడ్డారో తెలియాలంటే అరవై ఏళ్ల కిందటి ఒక ప్రయోగాన్ని గుర్తు చేసుకోవాలి.

1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మామూలు మనుషులను ప్రయోగశాలకు పిలిపించాడు. పక్క గదిలో ఉన్న మనిషి జవాబు తప్పు చెప్పిన ప్రతిసారీ మీట నొక్కి కరెంటు షాక్ ఇవ్వాలన్నాడు. షాకులు నిజమైనవి కావు, అవతలి మనిషి నటుడు. ఆ సంగతి మీట నొక్కేవాళ్లకు తెలియదు. షాకు 15 వోల్టులతో మొదలై, 15 చొప్పున పెరుగుతూ 450 దాకా వెళ్తుంది. పక్కన బూడిదరంగు కోటు వేసుకున్న ఒక మనిషి నిలబడి, కొనసాగించండి అని మాత్రమే అంటుంటాడు. మొదటి విడతలో పాల్గొన్న 40 మందిలో 26 మంది చివరి మీట దాకా వెళ్లారు. వాళ్లు క్రూరులు కారు. చాలామంది చెమటలు పట్టి, వణుకుతూనే నొక్కారు. ఒక్కసారిగా 450 నొక్కమంటే ఎంతమంది ఒప్పుకునేవారో గానీ, పదిహేను పదిహేనుగా పెరిగేసరికి ఎక్కడ ఆగాలో తెలియలేదు. డిజిటల్ అరెస్టు కూడా ఇదే మెట్లదారి. ముందు తలుపు వేసుకోమంటారు. తర్వాత కెమెరా ఆపొద్దంటారు. ఆ తర్వాత ఖాతాలో ఎంత ఉందో చెప్పమంటారు. డబ్బు పంపమనే మాట అన్నిటికంటే చివర వస్తుంది. అప్పటికి ఆ మనిషి పది ఆజ్ఞలు పాటించి ఉంటాడు.

మిల్‌గ్రామ్ ఈ ప్రయోగాన్ని రకరకాలుగా మార్చి చూశాడు. మన విషయానికి పనికొచ్చేవి వాటిలో రెండు. కోటు మనిషి గదిలో లేకుండా ఫోనులో ఆజ్ఞలిచ్చినప్పుడు, చివరి దాకా వెళ్లినవాళ్లు సుమారు ఐదో వంతుకు తగ్గారు. ఉత్త గొంతుకు లోబడేవాళ్లు తక్కువన్నమాట. మోసగాళ్లు మామూలు కాల్‌తో మొదలుపెట్టి వెంటనే వీడియోకు ఎందుకు మారతారో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ ఖాకీ చొక్కా, ఆ గోడ, ఆ ముద్ర అధికారాన్ని గదిలోకి తెచ్చి నిలబెట్టడానికే.

రెండోది ఇంకా ముఖ్యమైంది. మీట నొక్కే మనిషి పక్కన మరో ఇద్దరిని కూర్చోబెట్టి, వాళ్లు మధ్యలో ‘మేం చెయ్యం’ అని లేచిపోయేలా ఏర్పాటు చేశాడు. అప్పుడు 40 మందిలో చివరి దాకా వెళ్లింది నలుగురే. పక్కన కాదనే మనిషి ఉంటే అధికారం పట్టు సడలిపోతుంది. ఈ శాస్త్రం చదవకపోయినా మోసగాడికి ఇది బాగా తెలుసు. ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్నది అతని బెదిరింపుల్లో ఒకటి కాదు, అతని వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ఈ పనిలో మెదడు కూడా అతనికే సాయం చేస్తుంది. భయం పుట్టినప్పుడు మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ఒంటినంతా అప్రమత్తం చేస్తుంది. ఒత్తిడి హార్మోన్లు ఎగదన్నినప్పుడు, నుదుటి వెనకుండే, ఆలోచించి తేల్చే భాగం పట్టు తప్పుతుంది. పాము కనబడితే గంతు వేయడానికి ఈ ఏర్పాటు మంచిదే. ‘ఈ నంబరు ఎవరిది, ఈ కాగితం నిజమా’ అని నిదానంగా చూసుకోవాల్సిన చోట మాత్రం ఇదే మనల్ని ముంచుతుంది. ఆ భాగం మళ్లీ కుదురుకోవడానికి కాస్త వ్యవధి కావాలి. గంటల తరబడి ఫోను పెట్టనివ్వకపోవడం ఆ వ్యవధి దొరక్కుండా చేయడానికే.

తెర మీద కనిపించే నంబరుకు మనమిచ్చే విలువ కూడా ఎక్కువే. ఫోను నంబరు మనిషి వేలిముద్ర లాంటిది కాదు. కాల్ పంపే నెట్‌వర్కు, అందుకునే నెట్‌వర్కుకు ఇచ్చే ఒక చీటీ మాత్రమే. పోస్టు కవరు మీద ఫ్రమ్ అడ్రసు ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు, పోస్టుమ్యాన్ సరిచూడడు. ఇదీ అంతే. విదేశం నుంచి ఇంటర్నెట్ ద్వారా వచ్చే కాల్‌ను మన దేశపు నంబరులా చూపించవచ్చు. వందల సిమ్‌కార్డులు గుచ్చిన సిమ్‌బాక్స్ అనే పెట్టె ద్వారా దాన్ని నిజంగానే లోకల్ కాల్‌గా మార్చవచ్చు. ఇలా వేషం మార్చుకుని వచ్చే విదేశీ కాల్స్‌ను ఆపేందుకు కేంద్ర టెలికాం శాఖ 2024 అక్టోబరు 22న ఒక వ్యవస్థను ప్రారంభించింది. తొలి 24 గంటల్లోనే అది సుమారు 1.35 కోట్ల కాల్స్‌ను పట్టుకుంది. వాట్సాప్ కాల్స్ ఆ జల్లెడలో పడవు. కాబట్టి నంబరును చూసి నమ్మకండి. పోలీసు అధికారి పేరున్న ఫొటోను చూసి అసలే నమ్మకండి.

ఇక చట్టం సంగతి. డిజిటల్ అరెస్టు అనే మాట మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 36వ సెక్షన్ ఏం చెబుతుందో చూడండి. అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనిపించేలా ధరించాలి. అరెస్టు పత్రం రాయాలి. దాని మీద కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. బంధువుకో, స్నేహితుడికో కబురు చేయించుకునే హక్కు ఉందని అరెస్టయిన మనిషికి చెప్పాలి. అసలు పోలీసు మీవాళ్లకు చెప్పాలంటాడు, దొంగ పోలీసు ఎవరికీ చెప్పొద్దంటాడు. ఈ ఒక్క తేడా గుర్తుంటే చాలు, మిగతా సెక్షన్లు లాయర్లు చూసుకుంటారు.

ఇంత తెలిసినా ఎవరో ఒకరు డబ్బు పంపేస్తారు. పంపిన క్షణం నుంచి మరో పరుగు మొదలవుతుంది, దాని గురించి మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ఆ డబ్బు నేరుగా మోసగాడి సొంత ఖాతాలోకి వెళ్లదు. ముందు ఒక మ్యూల్ ఖాతాలో పడుతుంది. అంటే కమీషన్‌కు ఆశపడి ఎవరో అద్దెకిచ్చిన ఖాతా. అక్కడి నుంచి నిమిషాల్లో నాలుగైదు ఖాతాలకు, వాటి నుంచి మరో ఇరవైకి చీలిపోతుంది. చివరికి ఏటీఎంలో నోట్లుగానో, క్రిప్టో కరెన్సీగానో బయటపడుతుంది. ప్రధాన కాలువలో ఉన్నంతసేపు నీటిని ఒక్క తూము మూసి ఆపవచ్చు. పిల్లకాలువల్లోకి మళ్లి, పొలాల్లో ఇంకిపోయాక ఎవరూ ఆపలేరు.

ఆ తూము మూసే చెయ్యి 1930. ఈ నంబరుకు ఫోన్ చేస్తే మీ బ్యాంకు పేరు, పంపిన మొత్తం, సమయం, లావాదేవీకి వచ్చిన యూటీఆర్ నంబరు అడుగుతారు. ఆ వివరాలు కేంద్ర హోంశాఖ కింద పనిచేసే సైబర్ నేరాల సమన్వయ కేంద్రం నడిపే వ్యవస్థలోకి ఎక్కగానే, డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. డబ్బు ఇంకా అక్కడే ఉంటే కదలకుండా నిలిపేస్తారు. ముందుకు వెళ్లిపోయి ఉంటే, ఎక్కడికి వెళ్లిందో ఆ బ్యాంకుకు అదే ఫిర్యాదు పరుగెడుతుంది. తొలి గంటను పోలీసులు గోల్డెన్ అవర్ అనేది ఇందుకే. యాక్సిడెంటు కేసులో డాక్టర్లు వాడే మాటనే వాళ్లు తీసుకున్నారు, అది సరిగ్గా అతికింది.

కేంద్రం 2025 జూలైలో పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 2023లో దేశంలో సైబర్ మోసాల వల్ల పోయిన సొమ్ము సుమారు 7,465 కోట్లు. 2024లో 22,845 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలు. 1930 వ్యవస్థ వచ్చిన 2021 నుంచి అప్పటిదాకా ఆపగలిగింది 5,489 కోట్లకు పైగా. పోయినదాని ముందు ఇది తక్కువే. కానీ ఈ 5,489 కోట్లూ ఆలస్యం చేయకుండా నోరు విప్పినవాళ్లవి.

నోరు విప్పనీయనిది సిగ్గు. కొడుకు ఏమంటాడో, కోడలి ముందు తలెత్తుకోవడం ఎలా, ఇరుగుపొరుగు నవ్వుతారేమో అనుకుంటూ వారం గడిపేవాళ్లున్నారు. మోసగాడికి ఆ వారం ఉచితంగా దొరికినట్టే. ఇంట్లో డబ్బు పోగొట్టుకున్న పెద్దవాళ్లను ముందు తిట్టకండి. ముందు యూటీఆర్ నంబరు అడిగి 1930కి ఫోన్ చేయండి. నిలిచిన డబ్బును కోర్టు ఉత్తర్వుతో తిరిగి పొందవచ్చు. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయ సేవాధికార సంస్థ కలిసి 2024 నుంచి లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు డబ్బు వెనక్కి ఇప్పిస్తున్నాయి. బ్యాంకుకు చెప్పడంలోనూ ఆలస్యం కూడదు. ఓటీపీ మనమే చెప్పేసిన కేసుల్లో బ్యాంకుకు తెలియజేసేదాకా పోయింది మన నష్టం, తెలియజేశాక కూడా ఖాతా నుంచి పోతే అది బ్యాంకు నష్టం. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ఇది.

ఇక మన వీధి పోలీసు స్టేషన్. మోసగాడు ఢిల్లీ సీబీఐ అనో, ముంబయి పోలీసు అనో ఎంత పెద్ద పేరైనా చెప్పుకోనివ్వండి, ఫోన్ పెట్టేసి మన స్టేషన్‌కు వెళ్లి అడిగితే ఐదు నిమిషాల్లో విషయం తేలిపోతుంది. తెలంగాణలో ప్రతి స్టేషన్‌లో సైబర్ వారియర్ పేరుతో ఈ కేసుల్లో శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చని ఇప్పుడు చట్టమే చెబుతోంది. అయినా మామూలు మనిషి స్టేషన్ మెట్లెక్కడానికి జంకుతాడు. ఆ జంకు మోసగాడికి పెట్టుబడి అని నా గట్టి అభిప్రాయం. పోలీసంటే భయం తప్ప పరిచయం లేనిచోట ఖాకీ చొక్కా వేసుకున్న ఎవడైనా పోలీసే అయిపోతాడు. అపార్టుమెంటు సమావేశానికి ఎస్సై వచ్చి అరగంట మాట్లాడితే, ఊరి రచ్చబండ దగ్గర కానిస్టేబుల్ నిలబడి దొంగ కాల్ ఎలా ఉంటుందో వినిపిస్తే, జరిగే మేలు ఒక్క సమాచారమే కాదు. 1960లలో విలియం మెక్‌గ్వైర్ అనే శాస్త్రవేత్త, బలహీనపరిచిన క్రిమితో టీకా వేసినట్టే, నమ్మకాన్ని కదిలించే వాదనను ముందుగా చిన్న మోతాదులో రుచి చూపిస్తే మనసు దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటుందని చూపించాడు. ప్రతి నెలా మొదటి బుధవారం జరిపే సైబర్ జాగరూకతా దినం కేవలం బ్యానరు కట్టి ఫొటో తీసుకునే కార్యక్రమం కాకూడదనేది అందుకే.

బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాళ్లకూ ఇందులో పాత్ర ఉంది. పెద్ద మొత్తాలు యూపీఐలో వెళ్లవు, బాధితుడు చెవికి ఫోను పెట్టుకునే ఆర్‌టీజీఎస్ ఫారం నింపడానికి వస్తాడు. 2024లో హైదరాబాద్‌లో ఇలాగే వచ్చిన ఓ పెద్దమనిషి కంగారు గమనించి, నిలబెట్టి అడిగి, 1930తో మాట్లాడించి డబ్బు కాపాడింది బ్యాంకు సిబ్బందే. మిల్‌గ్రామ్ గదిలో ‘మేం చెయ్యం’ అని లేచిన మనుషులంటే ఇలాంటివాళ్లే.

మోసాలు ఇంకా చాలా ఉన్నాయి. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు నొక్కితే ఫోను పరాయి చేతికి వెళ్తుంది. డబ్బు రావడానికి పిన్ కొట్టాలి, క్యూఆర్ స్కాన్ చేయాలి అంటే అబద్ధం. షేర్లలో వారానికి రెట్టింపు లాభమని టెలిగ్రామ్ గ్రూపులో చూపించే అంకెలు మోసగాడు సొంతంగా తయారుచేసుకున్న యాప్‌లోవి.

ఒక్క మాట మాత్రం యువకులకు చెప్పాలి. ఫోనులో మనతో తేట తెలుగులో మాట్లాడే గొంతు ఒక్కోసారి బందీ గొంతు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి మన కుర్రాళ్లను కంబోడియాలో ఇలాంటి కాల్స్ చేయించే ముఠాల దగ్గరికి పంపిన ఏజెంట్లను విశాఖ పోలీసులు 2024 మేలో అరెస్టు చేశారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు మోసాల కేంద్రాల నుంచి 549 మంది భారతీయులను వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు, వాళ్లలో తెలుగు రాష్ట్రాలవాళ్లూ ఉన్నారు. ఏజెంటు మాట నమ్మి పాస్‌పోర్టు ఇవ్వకండి. కాలేజీ ఖర్చులకని బ్యాంకు ఖాతాను అద్దెకివ్వకండి. డబ్బు జాడ పట్టుకుని వచ్చే పోలీసుకు మొదట దొరికే పేరు మీదే.

ఈ రాత్రి ఒకసారి అమ్మానాన్నలకు ఫోన్ చేయండి. వాళ్ల ఫోనులో 1930 సేవ్ చేయించండి. ‘పోలీసు పేరుతో ఎవరు ఫోన్ చేసినా పెట్టేసి ముందు నాకు చెయ్యండి, డబ్బు పోయినా సరే నేను ఏమీ అనను’ అని చెప్పండి. ఆ చివరి మాట తప్పకుండా చెప్పండి.