దసరా దీపాలు ఎలా పరుగెడతాయి?

దసరా వచ్చిందంటే ప్రొద్దుటూరు అమ్మవారిశాల దగ్గర లైటింగ్ చూడ్డానికి జమ్మలమడుగు, పులివెందుల నుంచి కూడా జనం వస్తారు. బల్బులు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తినట్టుంటాయి. నిజానికి ఏదీ కదలదు! ఒకటి ఆరగానే పక్కది వెలుగుతుంది, అంతే.

ఈ వంతులు చూసేదెవరు? ఇప్పుడు మైక్రోకంట్రోలర్లు వచ్చాయి గానీ, నేర్చుకోవడానికి పాత 4017 చిప్పే మేలు. 555 టైమర్ నుంచి 14వ పిన్నుకు పల్స్ అందినప్పుడల్లా, పది అవుట్‌పుట్‌లలో వంతు ఒకటి ముందుకు జరుగుతుంది. పదోది అయ్యాక మళ్లీ మొదటికే. ఆ అవుట్‌పుట్ పిన్నులేమో వరసగా ఉండవు: 3, 2, 4, 7, 10... కాస్త విసుగే!

లోపలున్నవి ఐదే ఫ్లిప్‌ఫ్లాప్‌లు, అంటే ఒకటో సున్నానో గుర్తుంచుకునే సర్క్యూట్లు. మరి పది ఎలా? పల్స్ వచ్చినప్పుడల్లా ప్రతిదీ తన విలువను పక్కదానికి ఇస్తుంది; చివరిదాని విలువను మాత్రం తలకిందులు చేసి మొదటిదానికి ఇస్తారు. దాంతో 00000, 10000, 11000 అంటూ 11111 దాకా ఒకట్లు నిండుతాయి. తర్వాత 01111, 00111 అంటూ ఖాళీ అవుతాయి. లెక్కపెట్టండి, సరిగ్గా పది స్థితులు; ఒక్కో స్థితికి ఒక్కో అవుట్‌పుట్.

నాలుగు దీపాలే చాలా? అయితే ఐదో అవుట్‌పుట్‌ను, అంటే 10వ పిన్నును, 15వ పిన్నయిన రీసెట్‌కు కలపండి. చిప్ ఇచ్చే కరెంటు చిన్న ఎల్‌ఈడీకే సరిపోతుంది. పెద్ద బల్బుకు మధ్యలో ట్రాన్సిస్టర్ ఉండాలి. ఇంటి కరెంటు జోలికి పోకుండా 9 వోల్టుల బ్యాటరీతోనే చేయండి.