పాతకాలపు బేస్‌బాల్ జ్ఞాపికల సేకరణ

పాతకాలపు బేస్‌బాల్ జ్ఞాపికల సేకరణ అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బాగా వ్యాప్తిలో ఉన్న ఒక అభిరుచి. బేస్‌బాల్ ఆటగాళ్ళ చిత్రాలున్న కార్డులు, ఆటలో వాడిన బంతులు, బ్యాట్లు, చేతి తొడుగులు, జెర్సీలు, సంతకాలు, టికెట్లు, పాత ఛాయాచిత్రాలు మొదలైనవాటిని సేకరించి భద్రపరచడం ఈ అభిరుచిలోని ప్రధానాంశం. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో పిల్లల సరదాగా మొదలైన ఈ సేకరణ, ఇరవయ్యవ శతాబ్దం చివరికి కోట్ల డాలర్ల వ్యాపారంగా మారింది. ఈ వస్తువుల విలువ వాటి కాగితంలోనో గుడ్డలోనో లేదు. అవి ఎవరివి, ఎక్కడివి అన్న విషయానికి ఉన్న రుజువులో ఉంది. అందువలన అసలు, నకిలీ వస్తువులను వేరుచేయడమే ఈ రంగంలో అన్నిటికంటె ముఖ్యమైన, క్లిష్టమైన సమస్య.

నేపథ్యం

బేస్‌బాల్ జట్టుకు తొమ్మిదిమంది చొప్పున రెండు జట్లు బంతి, బ్యాటులతో ఆడే ఆట. భారతదేశంలో క్రికెట్‌కు ఉన్నటువంటి స్థానం అమెరికాలో చాలాకాలం ఈ ఆటకు ఉండేది. నేషనల్ లీగ్, అమెరికన్ లీగ్ అనే రెండు ప్రధాన లీగుల విజేతల మధ్య జరిగే పోటీని వరల్డ్ సిరీస్ అంటారు. ఆటగాళ్ళ గణాంకాలను ఏళ్ళ తరబడి పదిలంగా నమోదు చేసే అలవాటు ఈ ఆటలో మొదటినుండీ ఉంది. వందేళ్ళనాటి ఆటగాడిని కూడా నేటి అభిమానులు పేరుతో సహా గుర్తుపెట్టుకోవడానికి, పాత వస్తువులకు ఇంత గిరాకీ ఏర్పడడానికి ఇది ఒక కారణం.

చరిత్ర

సిగరెట్టు కార్డులు

తొలి బేస్‌బాల్ కార్డులలో అధికభాగం సిగరెట్టు పెట్టెలతోపాటు వచ్చాయి. పెట్టె నలగకుండా లోపల ఉంచే అట్టముక్కపై బొమ్మ ముద్రిస్తే అది ప్రకటనగా కూడా పనికివస్తుందని పొగాకు కంపెనీలు గ్రహించాయి. 1880వ దశకంలో గుడ్విన్ అండ్ కంపెనీ తన 'ఓల్డ్ జడ్జ్' సిగరెట్లతో వందలాది ఆటగాళ్ళ ఛాయాచిత్రాలను పంచింది. 1909 - 1911 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ విడుదల చేసిన శ్రేణి వీటన్నిటిలోకి ప్రసిద్ధమైనది. ఐదు వందలకు పైగా కార్డులున్న ఈ శ్రేణినే నేడు 'టి206' అని పిలుస్తారు.

చూయింగ్ గమ్ కార్డులు

తరువాతి కాలంలో పొగాకు స్థానాన్ని మిఠాయిలు, చూయింగ్ గమ్ ఆక్రమించాయి. 1933లో గౌడీ గమ్ కంపెనీ 240 సంఖ్య గల ఒక శ్రేణిని ప్రకటించింది. అందులో 106వ నంబరు కార్డును ఆ సంవత్సరం అసలు విడుదల చేయలేదు. శ్రేణి పూర్తిచేయాలని పిల్లలు గమ్ కొంటూనే ఉన్నారు గాని ఆ కార్డు మాత్రం దొరకలేదు. ఫిర్యాదు చేసినవారికి మరుసటి సంవత్సరం నాప్ లజోయి అనే పూర్వపు ఆటగాడి బొమ్మతో దానిని పంపించారు. ఆ కార్డు నేడు అత్యంత అరుదైనవాటిలో ఒకటి.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కాగితం పోగుచేసే ఉద్యమాలలో ఎన్నో పాత కార్డులు నశించాయి. యుద్ధానంతరం 1948లో బౌమన్, 1951లో టాప్స్ కంపెనీలు ఈ రంగంలోకి వచ్చాయి. 1956లో బౌమన్‌ను టాప్స్ కొనివేసింది. 1952 టాప్స్ శ్రేణిలోని చివరి విడత కార్డులు ఆటల కాలం ముగిసే సమయంలో బజారులోకి రావడంతో సరిగా అమ్ముడుపోలేదు. మిగిలిపోయిన పెట్టెలను 1960లో పడవపై తీసుకువెళ్ళి అట్లాంటిక్ మహాసముద్రంలో పారవేయించినట్లు ఆ కార్డుల రూపకర్త సై బెర్గర్ తరువాత తెలిపాడు. మికీ మాంటిల్ బొమ్మ ఉన్న 311వ నంబరు కార్డు ఆ చివరి విడతలోనిదే.

జెఫర్సన్ బర్డిక్ కృషి

ఈ సేకరణకు ఒక శాస్త్రీయ పద్ధతిని ఏర్పరచిన వ్యక్తి జెఫర్సన్ బర్డిక్. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఒక విద్యుత్ పరికరాల కర్మాగారంలో కార్మికుడైన ఈయన తీవ్రమైన కీళ్ళవ్యాధితో బాధపడుతూనే కార్డుల పట్టికను తయారుచేశాడు. ఇరవయ్యవ శతాబ్దపు పొగాకు కార్డులకు 'టి', పందొమ్మిదవ శతాబ్దపు పొగాకు కార్డులకు 'ఎన్', తొలినాటి మిఠాయి కార్డులకు 'ఇ' అనే అక్షరాలను సంకేతాలుగా నిర్ణయించినది ఈయనే. 'టి206' అనే పేరు అలా వచ్చినదే. 'అమెరికన్ కార్డ్ కాటలాగ్' అనే ఈయన గ్రంథం నేటికీ ప్రామాణికం.

బర్డిక్ తన సేకరణనంతా న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ కళా ప్రదర్శనశాలకు ఉచితంగా ఇచ్చివేశాడు. అందులో మూడు లక్షలకు పైగా ముద్రిత వస్తువులు ఉన్నాయి. బేస్‌బాల్ కార్డులే ముప్ఫై వేలకు మించి ఉన్నాయి. వాటిని స్వయంగా పుస్తకాలలో అతికించే పనిని 1963 జనవరిలో ముగించి, అదే సంవత్సరం మార్చిలో మరణించాడు.

అతి ఉత్పత్తి కాలం

1980 నాటికి పాత కార్డుల ధరలు పెరుగుతున్న సంగతి పత్రికల ద్వారా అందరికీ తెలిసింది. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు, 1989లో అప్పర్ డెక్ బజారులోకి వచ్చాయి. ముందుముందు ధర వస్తుందనే ఆశతో జనం కార్డులను పెట్టెల లెక్కన కొని విప్పకుండా దాచారు. కంపెనీలు కూడా అంతులేకుండా ముద్రించాయి. 1994లో ఆటగాళ్ళ సమ్మె వలన వరల్డ్ సిరీస్ రద్దు కావడంతో ఉత్సాహం తగ్గి ధరలు పడిపోయాయి. అందరూ దాచుకున్నవి గనుక ఆనాటి కార్డులలో చాలావాటికి నేటికీ విలువ లేదు. ఎవరూ దాచనివి, తల్లులు ఇల్లు సర్దుతూ పారవేసినవి, పిల్లలు సైకిలు చక్రాల ఊచలకు తగిలించి అరగదీసినవి మాత్రమే అరుదై విలువ సంతరించుకొన్నాయి.

జ్ఞాపికలలో రకాలు

కార్డులు: కార్డు విలువ మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ మధ్యకు వచ్చిన తీరు అనే నాలుగు అంశాలపై ఆధారపడుతుంది. 1991లో ప్రారంభమైన పి.ఎస్.ఎ. వంటి సంస్థలు కార్డును పరిశీలించి 1 నుండి 10 వరకు గ్రేడు ఇచ్చి ప్లాస్టిక్ తొడుగులో మూసివేస్తాయి.

జెర్సీలు: 1970వ దశకం మొదటివరకు జెర్సీలను ఉన్ని బట్టతో కుట్టేవారు. ప్రధాన జట్టు వాడిన జెర్సీలను మరుసటి సంవత్సరం అభ్యాసానికో, చిన్న లీగుల జట్లకో ఇచ్చివేసేవారు. చిరిగేవరకు వాడడం వలన ప్రముఖుల జెర్సీలు బహు కొద్దిగా మిగిలాయి.

బ్యాట్లు: కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌కు చెందిన హిలరిచ్ అండ్ బ్రాడ్స్‌బీ కంపెనీ ఏ ఆటగాడికి ఎంత పొడవు, ఎంత బరువు గల బ్యాటును పంపినదీ పుస్తకాలలో నమోదు చేసేది. ఒక బ్యాటు ఫలానా ఆటగాడిదేనా అని తేల్చడానికి ఆ లెక్కలు నేడు ఉపయోగపడుతున్నాయి.

బంతులు, సంతకాలు: ప్రముఖుల సంతకమున్న బంతులకు గిరాకీ హెచ్చు. అయితే అభిమానుల కోసం పంపే బంతులపై ఆటగాళ్ళ బదులు జట్టు సహాయకులు సంతకాలు చేసిన సందర్భాలు పూర్వం కూడా ఉన్నాయి. అందుచేత బంతి పాతదైనంత మాత్రాన సంతకం అసలైనదని చెప్పలేము.

ప్రఖ్యాత జ్ఞాపికలు

హోనస్ వాగ్నర్ కార్డు: టి206 శ్రేణిలోని ఈ కార్డు సుమారు ఒకటిన్నర అంగుళాల వెడల్పు గల అట్టముక్క. పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆటగాడైన వాగ్నర్ అభ్యంతరం చెప్పడంతో దీని ముద్రణ ఆగిపోయింది. పిల్లలు తన బొమ్మ కోసం పొగాకు కొనడం ఆయనకు ఇష్టం లేదని కొందరు, తగిన ప్రతిఫలం ఇవ్వకపోవడమే కారణమని మరికొందరు చెబుతారు. నేడు అరవైకి అటూ ఇటూగా మాత్రమే మిగిలినట్లు అంచనా. వీటిలో ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది.

మికీ మాంటిల్ కార్డు: 1952 టాప్స్ శ్రేణికి చెందిన ఒక ప్రతి 2022 ఆగస్టు వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికింది.

బేబ్ రూత్ జెర్సీ: 1932 వరల్డ్ సిరీస్ మూడవ ఆటలో షికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో రూత్ చేయి చూపి, ఆ తరువాత హోమ్ రన్ కొట్టాడు. బంతి ఎక్కడ పడుతుందో ముందే సూచించాడని అభిమానుల నమ్మకం. నిజంగా అలా సూచించాడా అనేది నేటికీ వివాదమే. ఆ రోజు ఆయన ధరించిన జెర్సీ 2024 ఆగస్టులో 2 కోట్ల 41 లక్షల 20 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. క్రీడా జ్ఞాపికకు ఆనాటికి అదే అత్యధిక ధర. పాత ఛాయాచిత్రాలలోని జెర్సీపై ఉన్న అక్షరాలు, కుట్లు ఈ జెర్సీతో సరిపోలడం వలననే అంత ధర వచ్చింది.

అటకపై దొరికిన కార్డులు: 2012లో ఒహాయో రాష్ట్రంలోని డిఫయన్స్ పట్టణంలో ఒక కుటుంబంవారు తాతగారి ఇంటి అటకను శుభ్రం చేస్తుండగా ఒక అట్టపెట్టెలో 1910 ప్రాంతపు మిఠాయి కార్డులు సుమారు 700 దొరికాయి. వందేళ్ళపాటు ఎవరి చేయీ పడక అవి కొత్తవాటివలె ఉన్నాయి.

నకిలీలు, మోసాలు

ధరలు పెరిగినకొద్దీ మోసాలు కూడా పెరిగాయి. 1990వ దశకం చివర అమెరికా కేంద్ర నేర పరిశోధన సంస్థ ఎఫ్.బి.ఐ. 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో జరిపిన దర్యాప్తులో సంతకాలను ఫోర్జరీ చేసే పెద్ద ముఠా పట్టుబడింది. వారివద్ద దొరికినవాటిలో మదర్ థెరెసా సంతకం ఉన్న బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి.

కార్డుల విషయంలో బాగా చర్చకు వచ్చినది ఒక వాగ్నర్ కార్డు. దీనిని 1991లో ఐస్ హాకీ క్రీడాకారుడు వేన్ గ్రెట్జ్‌కీ, మరొకరు కలిసి 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్నారు. పి.ఎస్.ఎ. గ్రేడు ఇచ్చిన మొట్టమొదటి కార్డు ఇదే. 8వ గ్రేడు లభించింది. 2007లో 28 లక్షల డాలర్లకు చేతులు మారింది. పూర్వం దానిని అమ్మిన బిల్ మాస్ట్రో అనే వేలం వ్యాపారి, అంచులు చక్కగా కనబడడానికి తానే వాటిని కత్తిరించినట్లు 2013లో న్యాయస్థానంలో ఒప్పుకున్నాడు. 2015లో అతనికి 20 నెలల జైలుశిక్ష పడింది.

దొంగతనాలు మరొక సమస్య. 2014లో న్యూజెర్సీలోని యోగీ బెరా ప్రదర్శనశాలనుండి ఆయన వరల్డ్ సిరీస్ ఉంగరాలు అపహరణకు గురయ్యాయి. దొంగలు వాటిని కరిగించి లోహంగా అమ్మివేసినట్లు 2023లో నమోదైన కేసు వలన తెలిసింది. వస్తువు పోయినా లోహానికి వెల వచ్చింది గాని, చరిత్రకు వెల రాలేదు.

అసలుదనం తేల్చే పద్ధతులు

బంతిపై ముద్ర: చాలాకాలం లీగు బంతులపై ఆ లీగు అధ్యక్షుని సంతకం ముద్రించేవారు. అమెరికన్ లీగుకు 1931 నుండి విలియం హారిడ్జ్, 1959 నుండి జో క్రోనిన్ అధ్యక్షులుగా ఉన్నారు. బేబ్ రూత్ 1948లో మరణించాడు. కనుక క్రోనిన్ ముద్ర ఉన్న బంతిపై రూత్ సంతకం కనబడితే అది తప్పకుండా నకిలీయే.

అతినీలలోహిత కాంతి: రెండవ ప్రపంచయుద్ధం తరువాత వాడుకలోకి వచ్చిన తెల్లదనపు రసాయనాలున్న కాగితం ఈ కాంతిలో మెరుస్తుంది. 1910 నాటిదని చెప్పిన కార్డు అలా మెరిస్తే సందేహించాలి.

ఛాయాచిత్రంతో పోలిక: బట్టలోని గీతలు, కుట్లు, మరకలు, చెక్కలోని పొరలు ఏ రెండు వస్తువులలోనూ ఒకే విధంగా ఉండవు. పాత ఛాయాచిత్రాలతో వీటిని సరిపోల్చడం నేడు అత్యంత విశ్వసనీయమైన పద్ధతిగా భావిస్తారు.

యాజమాన్య చరిత్ర: వస్తువు మొదట ఎవరివద్ద ఉంది, ఎవరి చేతులు మారింది అన్న విషయానికి ఉత్తరాలు, రసీదులు, పాత ఛాయాచిత్రాలు ఆధారాలుగా ఉండాలి. అమ్మేవారు ఇచ్చే ధ్రువీకరణ పత్రం మాత్రమే చాలదు. ఫోర్జరీ ముఠాలు ఆ పత్రాలను కూడా తయారుచేశాయి.

మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ 2001లో ప్రారంభించిన పథకం ప్రకారం ఆట జరిగేచోటనే ఒక సాక్షి సమక్షంలో వస్తువుకు నంబరు గల హోలోగ్రామ్ అంటిస్తారు. ఇది కొత్త వస్తువులకే వర్తిస్తుంది. అలాంటి సాక్షి లేని పాత వస్తువులకు పైన చెప్పిన పరీక్షలే ఆధారం.

నీగ్రో లీగుల జ్ఞాపికల కొరత

1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో చేరేవరకు నల్లజాతి ఆటగాళ్ళకు ప్రధాన లీగులలో ప్రవేశం లేదు. వారు నీగ్రో లీగులు అనే వేరు పోటీలలో ఆడేవారు. అమెరికాలోని పెద్ద పొగాకు, గమ్ కంపెనీలు వారి బొమ్మలతో కార్డులు వేయలేదు. గొప్ప ఆటగాడైన జోష్ గిబ్సన్ బొమ్మ ఆయన 1947లో మరణించిన తరువాత ప్యూర్టోరికోలో వెలువడిన ఒక శ్రేణిలో కనిపిస్తుంది. 2024 మే నెలలో నీగ్రో లీగుల గణాంకాలను ప్రధాన లీగుల రికార్డులలో చేర్చినపుడు .372 సగటుతో గిబ్సన్ బ్యాటింగులో ప్రథమస్థానం పొందాడు. గణాంకాలను వార్తాపత్రికలనుండి తిరిగి సేకరించగలిగారు గాని, ఆనాడు ముద్రించని కార్డులను ఈనాడు సేకరించడం సాధ్యం కాదు. అందుచేత ఈ ఆటగాళ్ళకు సంబంధించిన గోడపత్రికలు, టికెట్లు, ఛాయాచిత్రాలకు చారిత్రక ప్రాముఖ్యం ఎక్కువ.

సంరక్షణ

ఎండ, తేమ, వేడి ఈ వస్తువులకు ప్రధాన శత్రువులు. సిరా సంతకాలు వెలుతురుకు వెలిసిపోతాయి. కార్డులను ఆమ్లరహితమైన తొడుగులలో, ఉన్ని జెర్సీలను పురుగు పట్టకుండా పెట్టెలలో ఉంచాలి. వెలసిన సంతకంపై తిరిగి దిద్దడం, కార్డు అంచులు కత్తిరించడం, మరకలు పోవడానికి రసాయనాలు వాడడం వలన విలువ తగ్గుతుంది. ఆ సంగతి దాచి అమ్మితే అది మోసం క్రిందికి వస్తుంది.

ప్రదర్శనశాలలు

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో 1939లో ప్రారంభమైన నేషనల్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఈ జ్ఞాపికలకు ప్రధాన నిలయం. ఇక్కడి వస్తువులలో అధికభాగం ఆటగాళ్ళు, వారి కుటుంబాలు, అభిమానులు విరాళంగా ఇచ్చినవే. మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలోని బర్డిక్ సేకరణనుండి కొన్ని కార్డులను విడతలవారీగా ప్రదర్శిస్తుంటారు. వేలంలో కోట్లు పలికే వాగ్నర్ కార్డు ఆ సేకరణలో కూడా ఒకటి ఉంది.