మోటారు ప్రమాదములు - రాజీ కాగితము



కొన్నేండ్ల క్రిందట మన దమ్మపేట ప్రాంతమున పామాయిలు గెలలు కోయు కూలివాడొకడు కారు తగిలి కాలు విరిగి పడెను. కారు యజమాని పొరుగూరివాడే. పెద్దలు కూడి ఇరువదివేల రూపాయలకు రాజీ కుదిర్చిరి. ఇకమీదట తనకెట్టి హక్కును లేదను కాగితమును వ్రాసినవాడను నేనే. పిదప ఎముక సరిగా అతుకలేదు. అతడు మరల గెల కోయలేదు.

యజమాని మనవాడే, అతనిని బాధింపనేల అని ఆనాడు జాలిపడితిమి. అది దారితప్పిన జాలి. ఇతరులకు కలుగు హానికై ప్రతి మోటారుబండికిని బీమా ఉండితీరవలెనని చట్టము. బీమా చెల్లుబడిలో నున్నచో సొమ్మిచ్చునది సాధారణముగా కంపెనీయే. పోలీసు ఠాణాలో కేసు నమోదు కానిచో మాత్రము ప్రమాదమును రుజువుచేయుట మిక్కిలి కష్టము.

ఇక గాయమునకు వెల కట్టుటెట్లు? వైద్యుడు వ్రాసిన వైకల్యము వేరు, సంపాదనలో కలిగిన లోటు వేరు అని 2010లో రాజ్‌కుమార్ కేసున సుప్రీంకోర్టు తేల్చినది. ఎడమచేయి పోయినను గుమాస్తా కొలువు నిలువవచ్చును. వడ్రంగికో, బ్రతుకుతెరువే పోవును. నెలకు 12,000 రూపాయలు గడించు 38 ఏండ్ల కూలివానికి సంపాదనాశక్తిలో నూటికి 40 వంతులు పోయినదనుకొందము. ఏటి ఆదాయము 1,44,000. అందు పోయినది 57,600. ఆ వయస్సునకు 2009 నాటి సరళావర్మ తీర్పు ప్రకారము దానిని 15తో హెచ్చింపగా 8,64,000 రూపాయలగును. వైద్యపు ఖర్చు, మంచమున పడియున్న దినముల కూలి, పడిన బాధకు పరిహారము దీనికి అదనము. తప్పులో గాయపడినవానికిని పాలున్నచో ఆ మేరకు తగ్గును. మా ఇరువదివేలెక్కడ, ఈ లెక్క యెక్కడ!

రాజీ కూడదని నా మాట కాదు. చికిత్స ముగిసి, వైకల్యము తేలకముందు వ్రేలిముద్ర వేయింపరాదు. అయితే 2022 ఏప్రిల్ 1 నుండి అమలగుచున్న సవరణ ప్రకారము ప్రమాదము జరిగిన ఆరు మాసములలో ట్రిబ్యునలులో దావా వేయవలెను. చికిత్స సాగుచుండగనే గడువు దాటిపోవచ్చును గనుక, ముందు దావా వేసి, రాజీమాటలు పిదప నడుపుట మేలు. లాయరు ఫీజుకు శక్తిలేని బీదలు కొత్తగూడెమునందలి జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. లోక్ అదాలతులోనైనను లెక్క చూచుకొనియే ఒప్పుకొనుడు. అచ్చటి తీర్పు కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. ఆసుపత్రి రశీదులన్నియు దాచుడు. కూలి యిచ్చిన రైతుచేత ఎంత యిచ్చుచుండెనో చెప్పించుడు. కూలివాని ఆదాయమునకు అంతకన్న వేరు దస్తావేజు మన పల్లెలలో నెక్కడిది?