ఇంటిలో ఇల్లు, దానికొక తలుపు

మనవంటి ప్రవాసాంధ్ర సంఘాలు నడిపే చిన్న పత్రికలన్నిటికీ ఒకే చిక్కు వున్నది. పాతిక, ముప్పది యేండ్ల నాటి సంచికలు కాగితం మీద కొద్దిగానే మిగిలినవి. తక్కినవి సి.డి.లలో వున్నవి. అవి పేజ్‌మేకరులో, ఆనాటి తెలుగు ఫాంట్లతో కూర్చిన ఫైళ్లు. పేజ్‌మేకరు కడపటి పెద్ద కూర్పు, 7.0, వెలువడినది 2001లో. ఆ ఫైలును నేటి కంప్యూటరులో తెరవబోతే తెరుచుకోదు. ఒకవేళ అక్షరాలు లాగినా, తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలూ, వింత గుర్తులూ కనబడతవి. మన అక్షరాలకు యూనికోడులో 1991లోనే స్థానం యేర్పడినా, అచ్చుపని మాత్రం చాలాకాలం పాత ఫాంట్ల సొంత సంకేతాలతోనే సాగినది.

ఆ ఫైళ్లలో యేమున్నవి? మన తాతలు యే వూరు విడిచి, యే పనిమీద యీ కన్నడ సీమకు వచ్చినారో వారే చెప్పుకొన్న ముచ్చట్లు. పెండ్లి కబుర్లు, చరమవార్తలు. అవి పోతే మళ్లీ చెప్పగలవారు లేరు. కనుక పాత యంత్రం యింకా పలికేటప్పుడే పని చక్కబెట్టుకోవలెను.

దీనికి మేము అనుసరించే మార్గం వర్చువల్ మెషిన్. అనగా కొత్త కంప్యూటరు లోపల, సాఫ్టువేరుతో కల్పించిన మరొక కంప్యూటరు. యీ ఆలోచన కొత్తది కాదు. ఐ.బి.యం. వారు 1960ల లోనే ఒకే పెద్ద యంత్రాన్ని అనేక యంత్రాలుగా పనిచేయించినారు. నేడు వర్చువల్‌బాక్స్ అనే సాఫ్టువేరు ఆ పనిని మన బల్లమీది కంప్యూటరులోనే చేస్తున్నది. ఇది 2007లో బయటికి వచ్చినది. అసలు కంప్యూటరును హోస్ట్ అనీ, లోపలి దానిని గెస్ట్ అనీ అంటారు. హోస్ట్ యింటివారు, గెస్ట్ యింటికి వచ్చిన చుట్టం. మన చుట్టం విండోస్ ఎక్స్‌పీ. దానిలో పేజ్‌మేకరూ, పాత ఫాంట్లూ సుఖంగా పనిచేస్తవి.

అసలు చిక్కు యిక్కడే మొదలవుతుంది. లోపల తెరిచిన పేజీని బయటికి తెచ్చుటెట్లా? చుట్టానికి తలుపు తీయవలెను. కాని యే తలుపు?

మైక్రోసాఫ్టు వారు ఎక్స్‌పీకి మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో ఆపివేసినారు. 2017 మే నెలలో వన్నాక్రై అనే తెగులు లోకంలోని కంప్యూటర్లను పట్టి, ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగినది. అది ప్రవేశించినది విండోసులో ఫైళ్లు పంచుకొనే పాత పద్ధతి, ఎస్.ఎం.బి. ఒకటవ కూర్పు, లోని లోపం గుండానే. కనుక ఎక్స్‌పీని ఇంటర్నెట్టు వీధిలోకి వదిలితే, చుట్టమై వచ్చి దెయ్యమై పట్టుకొన్నట్లవుతుంది.

వర్చువల్‌బాక్స్ నెట్‌వర్కు అమరికలో ముఖ్యమైనవి మూడు. మన బెంగుళూరు వఠారం తలచుకొంటే సులభంగా బోధపడతవి.

మొదటిది నాట్. మనం మార్చకపోతే వుండేది యిదే. వెనుక వాటాలోని చుట్టం యింటివారి పేరుమీద వీధిలోకి పోయివస్తాడు. బయటివారికి అతడు కనబడడు. ఇంటివారు కూడా ప్రత్యేక యేర్పాటు లేనిదే అతని తలుపు తట్టలేరు. కాని అతడు వీధికెక్కగలడు. మనకు వద్దన్నది అదే.

రెండవది బ్రిడ్జ్‌డ్. చుట్టానికి వఠారంలో సొంత డోరు నంబరు వస్తుంది. రౌటరు అతనికి వేరే చిరునామా యిస్తుంది. ఇంట్లోని ఫోన్లూ, కంప్యూటర్లూ అన్నీ అతనిని చూడగలవు. ఎక్స్‌పీకి యిదీ తగదు.

మూడవది హోస్ట్-ఓన్లీ. ఇది ఇంటివారికీ చుట్టానికీ నడుమ నడవ తలుపు మాత్రమే. వీధి లేదు. మనకు కావలసినది యిదే.

అమర్చే తీరు చెబుతాము. ముందు గెస్టును పూర్తిగా ఆపివేసి, ఒక స్నాప్‌షాట్ తీసి వుంచుకోవలెను. తరువాత నెట్‌వర్కు అమరికలో ఒకే అడాప్టరు వుంచి, దానిని హోస్ట్-ఓన్లీకి మార్చవలెను. రెండవదిగా నాట్‌ను చేర్చితే శ్రమంతా వృథా. అడాప్టరు రకంగా ఇంటెల్ ప్రో/1000 టి సర్వర్ యెన్నుకొంటే ఎక్స్‌పీ వేరే డ్రైవరు లేకుండానే గుర్తిస్తుంది. మామూలుగా హోస్టుకు 192.168.56.1 అనే చిరునామా వుంటుంది. గెస్టుకు 192.168.56.10 అని మనమే వ్రాసి, సబ్‌నెట్ మాస్కు 255.255.255.0 అని వుంచవలెను. గేట్‌వే గడి ఖాళీగా వదలవలెను. హోస్టులో ఇంటర్నెట్ పంచే సదుపాయం ఆపి వుండవలెను.

ఇప్పుడు పింగ్ చేసి చూస్తే చాలామందికి జవాబు రాదు. అంతమాత్రాన దారి తెగినదనుకోరాదు. హోస్టులోని విండోస్ ఫైర్‌వాల్ యీ కొత్త దారిని తెలియని నెట్‌వర్కుగా యెంచి నోరు మూయిస్తుంది. ఎక్స్‌పీ ఫైర్‌వాలూ అంతే. పింగ్ చేసిన వెంటనే హోస్టులో "ఆర్ప్ -ఏ" అనే ఆజ్ఞ యివ్వండి. గెస్టు చిరునామా పక్కన 08-00-27తో మొదలయ్యే సంఖ్య కనబడితే దారి బాగున్నట్లే, అడ్డు ఫైర్‌వాలే. దానిని మొత్తంగా ఆపవద్దు. 192.168.56.10 నుంచి వచ్చేవాటికి మాత్రం అనుమతి వ్రాస్తే చాలు.

ఇక ఫైళ్లు మోసే సంగతి. విండోస్ 10లో 2017 చివరి నుంచి ఆ పాత ఎస్.ఎం.బి.ని ముందుగా అమర్చి యివ్వడం మానివేసినారు. ఎక్స్‌పీకి వచ్చినది అదొక్కటే కనుక దానిని తిరిగి తెరవమని కొందరు సలహా యిస్తారు. మేము యివ్వము. హోస్టులో ఒక చిన్న ఎఫ్.టి.పి. సర్వరు పెట్టి, అది 192.168.56.1 మీద మాత్రమే వినేటట్లు చేయండి. ఎఫ్.టి.పి.లో సంకేతపదం దాపరికం లేకుండా పోతుంది. అయితే యీ నడవలో మూడో చెవి లేదు. ఎక్స్‌పీలో ఎఫ్.టి.పి. ఆజ్ఞ ముందే వున్నది. పంపేముందు "బైనరీ" అని తప్పక టైపు చేయండి. లేకుంటే అది ఫైలును వట్టి అక్షరాల మూటగా యెంచుతుంది, ఫైలు చెడవచ్చును.

పేజ్‌మేకరు ఫైలుతోపాటు, ప్రతి సంచికనూ లోపలే పి.డి.ఎఫ్.గా మార్చి బయటికి తేవలెను. అప్పుడు పుట ఆనాడు అచ్చయినట్లే యే ఫోనులోనైనా కనబడుతుంది. అక్షరాలను యూనికోడుకు మార్చుట రెండో విడత పని. ఆ మార్పులో ఒత్తులూ, గుణింతాలూ తారుమారవుతవి కనుక తెలుగు చదవగల పెద్దలు ప్రక్కన కూర్చుని సరిచూడవలెను.

యంత్రం పని ఒక ఆదివారంతో తీరుతుంది. సరిచూచే పనికి మాత్రం మనుషులు కావలెను. వీధిలో కన్నడమూ, బడిలో ఇంగ్లీషూ చదివే మన పిల్లలు యంత్రం దగ్గర కూర్చుంటే, పెద్దలు చదివి వినిపించవచ్చును. ఇంటింటా అటక మీద సి.డి.లు వున్నవేమో చూడండి. అవి కూడా ముసలివవుతున్నవి.