మడమ కండర తెగినప్పుడు

వేములవాడ పరిసరాలలో మోకు, ముత్తాదులతో తాటిచెట్లెక్కు గౌడ సోదరులు, సిరిసిల్ల మరమగ్గాల వద్ద దినమంతయు నిలబడు కార్మికులు నా వద్దకు వచ్చి "మడమ నరం గుంజుతున్నది" అని చెప్పుచుందురు. వారు నరమనునది నాడి కాదు. పిక్కను మడమ ఎముకకు కట్టివేయు దృఢమైన పట్టీ. సుశ్రుతుడు శారీరస్థానమున చెప్పిన పదహారు 'కండర'లను ఇట్టి పట్టీలుగానే వైద్యులు గుర్తింతురు. నేటి తెలుగులో కండరమనగా మాంసపేశి అయినది గాని, ఆ మాట పూర్వార్థము వేరు.

ఈ పట్టీలోని తడి తీసివేసినచో మిగులునది అధికభాగము కొల్లాజెన్ అను మాంసకృత్తే. మోకు పేనినట్లు మూడు పోగులు మెలిపడి అది తయారగును. పట్టీ తెగినప్పుడు శరీరము తొందరగా మూడవ రకపు కొల్లాజెన్‌ను అల్లును. అది సన్నని, బలహీనమైన అతుకు. తరువాత నెలల తరబడి దాని స్థానమున గట్టిదైన ఒకటవ రకము చేరును. కణములు కొల్లాజెన్‌ను మొదట కొసలతో తయారుచేయును; ఆ కొసలు తెగిపడి చుట్టునున్న ద్రవములో కలియును. వాటిని కొలిచినచో అల్లిక ఎంత జరుగుచున్నదో తెలియును. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు శస్త్రచికిత్స జరిగిన రెండు వారాలకు సన్నని గొట్టముతో ఆ ద్రవమును తీసి పరీక్షించి, ఏడాది తరువాతి కోలుకొనుటతో పోల్చి 2016లో ప్రకటించిరి. ఇది ఇంకను పరిశోధనలోని సంగతే. మన ఊరి ల్యాబులలో చేయునది కాదు.

అయినను దీనివలన మనకొక మేలు కలదు. నొప్పి వారాలలో తగ్గును, బలము మాత్రము నెలలకు గాని రాదు. నొప్పి పోయినదని చెట్టెక్కినవానికి మరల తెగు భయము అందువలననే. పోగులు గట్టిగా మెలిపడుటకు 'సి' విటమిన్ అవసరము; శరీరము దానిని తయారుచేసుకొనలేదు. ఉసిరి, జామ తినవలెను. అంతమాత్రమున తెగినది అతుకునని భ్రమపడరాదు.

పాత నొప్పికి ఆముదము రాసి వావిలాకు కాపడము పెట్టవచ్చును. కాని వెనుకనుండి ఎవరో తన్నినట్లయి, టప్పున శబ్దము వచ్చినచో మర్దన చేయనేరాదు. రోగిని బోర్లా పరుండబెట్టి, పాదములు మంచము దాటి వ్రేలాడునట్లుంచి, పిక్కను పిసుకుడు. పాదము క్రిందికి వంగనిచో కండర తెగినట్లే. అతడు కుంటుచు నడవగలిగినను నమ్మరాదు. ఇతర మాంసపేశులు పాదమును కదల్చుచుండును. జాప్యమైనకొలది తెగిన కొసలు ఎడమగును కనుక ఆనాడే ఎముకల వైద్యుని వద్దకు పంపవలెను.

ఇంకొక ప్రశ్న నేను తప్పక అడుగుదును: ఇటీవల ఏ మాత్రలు మ్రింగినారు? సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటివి ఈ పట్టీని దెబ్బతీయగలవని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక జారీచేసినది. అరువదేండ్లు దాటినవారికి, స్టెరాయిడ్లు కూడ వాడువారికి ముప్పు ఎక్కువ. విరేచనాలని దుకాణములో చీటీ లేకయే ఇవి కొనువారు ఎందరో! మాత్ర వాడుచుండగా మడమ నొప్పి మొదలైనచో వెంటనే ఆపి, వైద్యునికి చెప్పి వేరొక మందు వ్రాయించుకొనుడు.