గాలిమరలకు సర్కారు సహాయధన మీయవలెనా?

గాలి యున్నప్పుడే తూర్పార బట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పుదురు. కళ్ళములో నిలిచి చేట యెత్తిన ప్రతి రైతునకును గాలి విలువ తెలియును. అది రానినాడు గింజయు పొట్టును ఒక్కటిగనే యుండును. వచ్చిననాడు జాము సేపటిలో రాశి తేలును. అట్టి గాలిచే విద్యుత్తు పుట్టించు మరలు నేడు అనంతపురము, కర్నూలు ప్రాంతముల మెట్టలపై వందలకొలది నిలిచియున్నవి. వీనికి సర్కారు సొమ్ముతో సాయము చేయుట న్యాయమా యనునది మన సభ్యులు తరచుగా అడుగు ప్రశ్న.

గత మాసమున మేము ఒక సంఘపు సర్వసభ్య సమావేశమునకు వెళ్ళియుంటిమి. ఎరువుల లెక్కలు ముగిసిన పిమ్మట ఒక వృద్ధరైతు లేచి, "అయ్యా, ఆ కంపెనీవారికి సర్కారు ఇచ్చు సొమ్ము మన సొమ్మే గదా. దానితో మన చెరువుకట్ట బాగుచేయించిన నేమి?" అని యడిగెను. అందరును మా వంక చూచిరి. మేము ఏదో చెప్పితిమి గాని ఆ బదులు మాకే తృప్తి కలిగింపలేదు. ఇంటికి వచ్చి యోచించి, ఆయనకు చెప్పదగిన దానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట గాలి స్వభావము నెరుగవలెను. గాలివేగము రెండింతలైనచో దానిలోని శక్తి రెండింతలు గాక యెనిమిదింత లగును. వేగము అయిదవవంతు తగ్గినచో శక్తి దాదాపు సగమై పోవును. కావున మంచి గాలి వీచు గుట్టపై నిలిపిన మరకును, దానికి రెండు కోసుల దూరమున పల్లములో నిలిపిన మరకును హస్తిమశకాంతర ముండవచ్చును. మర యొక్కటే, ఇనుము ఒక్కటే, ఫలము వేరు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. తరువాతి విషయమంతయు దీనిపైననే యాధారపడి యున్నది.

రెండవది, గాలిమరకు బొగ్గు అక్కరలేదు, నూనె యక్కరలేదు. ఖర్చులో అధికభాగము ప్రారంభముననే పెట్టవలెను. ఇది కొబ్బరితోట వేయుటవంటిది. మొక్క నాటిననాడు చేతి సొమ్ము పోవును. ఫలము ఏండ్లతరబడి వచ్చును. అట్టి పనికి ఆరంభమున అండ కావలసియుండుట సహజము. అంతియగాక, బొగ్గుపొగవలన పంటకును ఊపిరికిని కలుగు నష్టము బొగ్గు విద్యుత్తు బిల్లులో పూర్తిగా కానరాదు. ఎవరో యొకరు దానిని భరించుచునే యున్నారు. కాబట్టి సాయమే కూడదనువారి మాటతో మేము ఏకీభవింపజాలము. అయితే ఆ సాయమును దేనికి ఈయవలెననునదే యసలు ప్రశ్న.

మా బాల్యములోని యొక సంగతి చెప్పెదము. 1980 దశకమున మన దేశమందు నీరు తోడు గాలిమరలను సర్కారు సహాయముతో పలుచోట్ల నిలిపిరి. మేము చదువుకొనిన మిషను పాఠశాలకు పోవు త్రోవలో ఒక రైతు బావిపై అట్టి మర యొకటి యుండెడిది. దానిని నిలిపిననాడు ఊరంతయు చూడవచ్చెను. రెండేండ్లు చక్కగా తిరిగెను. పిమ్మట పంపులోని తోలు అరిగిపోయెను. అది చేతి పనియే, కొద్దిపాటి ఖర్చే. కాని ఆ తోలు ఎచ్చట దొరకునో, ఎవరు వేయుదురో ఆ రైతునకు తెలియదు. మర నిలిపినవారికి నిలిపిననాడే పూర్తి సొమ్ము ముట్టియుండెను. ఇక వారు తిరిగి వచ్చుటకు కారణమేమి? కొంతకాలమునకు ఆ రైతు దాని కాళ్ళకు బీరపాదులు ప్రాకించెను. సర్కారు సొమ్ముతో ఆ రైతు పొందినది ఒక యినుప పందిరి!

ఈ చిన్న కథయే పెద్ద దేశములందును జరిగినది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1980 దశకారంభమున గాలిమరలపై పెట్టుబడి పెట్టినవారికి పన్నులలో గొప్ప రాయితీ లిచ్చిరి. కేంద్రపు రాయితీయు రాష్ట్రపు రాయితీయు కలిసి పెట్టుబడిలో సగమునకు సమీపించెను. రాయితీ పెట్టుబడినిబట్టి వచ్చునే గాని, మర తిరిగిన దానినిబట్టి రాదు. అందుచే సరిగా పరీక్షింపని మరలనుకూడ తొందరతొందరగా నిలిపిరి. వానిలో అనేకములు విరిగి మూలబడెను. 1985 చివర కేంద్రపు రాయితీ ముగియగా ఆ సందడియు ముగిసెను.

అదే కాలమున డెన్మార్కు వేరు మార్గము త్రొక్కెను. ఆ చిన్న దేశమున ఆస్కోవ్ అను గ్రామములోని పాఠశాలలో పోల్ లా కూర్ అను ఉపాధ్యాయుడు 1891లోనే గాలిమరచే విద్యుత్తు పుట్టించెను. 1979లో ఆ దేశపు సర్కారు గాలిమర కొనువారికి ఖర్చులో నూటికి 30 వంతులు సహాయ మీయసాగెను. కాని ఒక షరతు పెట్టెను: రీసో అనుచోట గల పరీక్షాకేంద్రమువారు పరీక్షించి యంగీకరించిన రకములకే సహాయము. అదియు శాశ్వతము గాదు. క్రమముగా తగ్గించుచు 1989లో పూర్తిగా నిలిపివేసిరి. అప్పటికి వారి మరలు తమ కాళ్ళపై తాము నిలువ నేర్చెను. కాలిఫోర్నియా గుట్టలపై గాలికి తట్టుకొని నిలిచిన మరలలో డెన్మార్కు మరలు ముఖ్యములు. అమెరికావారును 1992లో చట్టము చేసి, పుట్టించిన యూనిట్టు నొక్కింటికి ఇంత యని పదేండ్లపాటు పన్ను రాయితీ యిచ్చు పద్ధతి నవలంబించిరి.

ఇక మన దేశము. 1990 దశకమున ఇచ్చట గాలిమరపై పెట్టిన సొమ్మంతయు మొదటి యేటనే తరుగుదలగా చూపుకొన నిచ్చిరి. తరువాత దానిని నూటికి 80 వంతులు చేసిరి. 2017 ఏప్రిల్ నుండి 40 వంతులకు తగ్గించిరి. దీని భావ మేమి? పది కోట్లతో మర నిలిపిన కంపెనీ, 80 వంతుల లెక్కన, మొదటి యేడు తన యాదాయములో ఎనిమిది కోట్లకు పన్ను కట్టనక్కర లేదు. నూటికి 30 పన్ను అయినచో రెండు కోట్ల నలుబది లక్షలు ఆ యేటికి చేతిలో మిగులును. ఇది పూర్తి దానము గాదు. ముందు ముందు కట్టవలసినదే. అయినను అంత సొమ్ము అన్నాళ్ళు చేతిలో నుండుట యెంత మేలో, పంట ఋణముపై వడ్డీ కట్టు మనకు వేరే చెప్పవలెనా? అయితే ఈ మేలు మర నిలిపినందుకు, తిరిగినందుకు గాదు.

2009లో కేంద్ర సర్కారు రెండవ పద్ధతిని తెచ్చెను. గ్రిడ్డులోనికి పంపిన ప్రతి యూనిట్టునకు 50 పైసలు. మొదటి పద్ధతి కోరువారికి ఇది లేదు; రెండింటిలో నొకటే. దీని లెక్క చూడుడు. రెండు మెగావాట్ల మర తన పూర్తిశక్తిలో సగటున నాలుగవవంతు పనిచేసినను ఏటికి 43 లక్షల 80 వేల యూనిట్లు పుట్టించును. దానికి సహాయము 21 లక్షల 90 వేల రూపాయలు. అది చెడి మూడు నెలలు నిలిచినచో ఆ నెలల సహాయము సున్న. ఇప్పుడు తోలు అరిగిన మరునాడే మరమ్మతుకు మనుష్యుడు పరుగెత్తుకొని వచ్చును! ఈ పద్ధతియు 2017 మార్చి తరువాత నిలిపిన మరలకు లేకుండ పోయినది.

సాయమునకు మరియొక రూపము కలదు: ఇంత ధరకు ఇన్నేండ్లు కొందుమని మాట యిచ్చుట. ఆంధ్రప్రదేశమున యూనిట్టునకు దాదాపు 4 రూపాయల 84 పైసల చొప్పున 25 ఏండ్లకు ఒప్పందములు వ్రాసికొనిరి. ఇంతలో 2017 ఫిబ్రవరిలో దేశమున మొదటిసారి గాలి విద్యుత్తునకు వేలము వేయగా ధర 3 రూపాయల 46 పైసలకు దిగెను. పాత ధర ప్రజలకు భారమని 2019లో రాష్ట్ర సర్కారు దానిని తగ్గింప బూనగా కంపెనీలు న్యాయస్థానము నాశ్రయించినవి. ఒప్పందము ప్రకారమే చెల్లింపవలెనని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పెను. ఇందు ఇరువైపులను పాఠము కలదు. దిగిపోవు ధరను దీర్ఘకాలమునకు కట్టివేయుట ప్రజలకు నష్టము. ఇచ్చిన మాట మధ్యలో మార్చబూనుట రేపటి ఋణదాతకు భయము. భయపడిన ఋణదాత వడ్డీ పెంచును. ఆ వడ్డీ తుదకు మన బిల్లులోనికే వచ్చును. వేలములును సర్వరోగనివారిణి గావు. 2016–17లో దేశమున 5,400 మెగావాట్లకు పైగా మరలు నిలిపిరి. సాయములు ముగిసి వేలములు వచ్చిన మరుసటి యేడు అది రెండువేలకు లోబడెను. అకస్మాత్తుగా నీరు కట్టివేసిన మడివలె నయ్యెను. సాయమును తగ్గింపవలసినదే, కాని యే యేట నెంత తగ్గించునో ముందుగనే చాటి, ఆ మాటపై నిలువవలెను.

తుదకు మన వాటా మాట. డెన్మార్కున మొదటి మరలలో పెక్కింటిని నిలిపినవి కంపెనీలు గావు; ఇరుగుపొరుగువారు చేరి స్థాపించుకొన్న సంఘములు. లక్షకు పైగా కుటుంబములు అట్టి సంఘములలో వాటాలు కొనినవి. రాజధానియగు కోపెన్‌హాగెన్ చెంత సముద్రములో 2000లో నిలిపిన 20 మరలలో సగము, ఎనిమిదివేలమందికి పైగా సభ్యులు గల యొక సహకార సంఘమువి. తన వాటా గల మర రొద చెవికి బాధింపదు. మనవైపు చూడుడు. అనంతపురపు సీమలో కల్పవల్లి యనుచోట చుట్టుపట్ల గ్రామములవారు ఏండ్లతరబడి శ్రమించి బోడిగుట్టలపై చెట్టును గడ్డిని పెంచిరి. కాగితములలో అది బంజరే. 2010 తరువాత గాలిమరలకై ఆ గుట్టలను త్రవ్వి బాటలు వేయగా చెట్లును పశువుల మేతయు చాలవరకు నష్టమయ్యెను. ప్రజల సొమ్ముతో నిలుచు మర ప్రజల మేత నపహరించుట తగునా?

కాబట్టి మా యభిప్రాయము నిది. సర్కారు సాయము చేయవలెను. అయితే ఇనుమునకు గాక యూనిట్టునకు చేయవలెను. ముగియు తేదీ చెప్పి చేయవలెను. మర నిలుచు గ్రామమునకు వాటా కల్పించి చేయవలెను. మన సభ్యులును కౌలు కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు సంఘమున నలుగురికి చదివి వినిపింపుడు. ఎన్నేండ్లు, ఎన్నేండ్లకొకసారి కౌలు పెరుగును, బాటక్రింద పోవు నేలకు పరిహారమెంత, తెగిన గట్టును ఎవరు కట్టుదురు, కాలము తీరిన మరను ఎవరు తొలగింతురు అని యడిగి, చెప్పిన బదులు కాగితములో వ్రాయించుకొనుడు.

ఆ వృద్ధరైతునకు మా బదులు కూడ దీనిలోనే యున్నది. అయ్యా, తమరు చెరువుకట్టకు మట్టి వేయించునప్పుడు గంపలు లెక్కించి కూలి యిత్తురా, త్రవ్విన గుంట కొలిచి యిత్తురా? గుంట కొలిచియే గదా. గాలిమరకును అట్లే కొలిచి యిమ్మని మనమందరము అడుగుదము. అట్లు కొలిచి యిచ్చినచో వ్యర్థముగా పోక మిగులు సొమ్ము చెరువుకట్టకును రావచ్చును.